సి షిఫ్టు తర్వాతి నిద్ర: మణికట్టు సెన్సార్‌తో పరిశీలించిన ఒక క్రేన్ ఆపరేటర్ కేసు

రోగి వయసు 44 సంవత్సరాలు. నివాసం గాజువాక ప్రాంతం. ఒక పెద్ద కర్మాగారంలో పద్దెనిమిదేళ్లుగా ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతున్నారు. ఆయన లిఖితపూర్వక అనుమతి తీసుకుని, ఎవరో గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చి ఈ కేసును రాస్తున్నాను. షిఫ్టుల్లో పనిచేసేవారి కుటుంబాలు విశాఖపట్నంలో ఎన్నో ఉన్నాయి. వారి నిద్రను ఒక రాత్రి పరీక్షతోనో, చేతి గడియారం చూపే సగటు అంకెతోనో అంచనా వేయడం ఎంత ప్రమాదమో ఈ కేసు నాకు నేర్పింది. ఇందులో నా తొందరపాటు కూడా కొంత ఉంది కనుక దానిని దాచకుండా రాస్తున్నాను.

ఏప్రిల్ నెలలో దంపతులిద్దరూ వచ్చారు. "పడుకుంటే నిద్ర పట్టడం లేదు సార్" అన్నది ఆయన ఫిర్యాదు. "ఎప్పుడు చూసినా నిద్రమొహంతోనే ఉంటారండీ, అన్నం ముందు కూర్చుని కూడా తూగుతున్నారు" అన్నది భార్య ఫిర్యాదు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు మాటలూ నిజమే. వాటిని కలిపి చూడగలగడమే ఈ కేసులో అసలు పని. అంతకు నెల రోజుల క్రితం సి షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున నాలుగు గంటల సమయంలో, కొక్కేనికి బరువు వేలాడుతుండగా ఆయన కళ్లు క్షణకాలం మూతపడ్డాయి. కింద సిగ్నల్ ఇచ్చే మనిషి ఊదిన విజిల్‌తో ఉలిక్కిపడి లేచారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతి భార్యకు కూడా ఆ రోజు నా గదిలోనే తెలిసింది.

ఆయన డ్యూటీ ఎనిమిది రోజుల చక్రంలో తిరుగుతుంది. రెండు రోజులు ఏ షిఫ్టు (ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2), రెండు రోజులు బి షిఫ్టు (2 నుంచి రాత్రి 10), రెండు రోజులు సి షిఫ్టు (రాత్రి 10 నుంచి ఉదయం 6), ఆ తర్వాత రెండు రోజులు సెలవు. ఎప్పుడో రాయించుకున్న పాత చీటీతో మందుల షాపులో అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర కొనుక్కుని, రెండేళ్లుగా పగటి నిద్ర కోసం వాడుతున్నారు. బాడీ మాస్ ఇండెక్స్ 27.4, మెడ చుట్టుకొలత 41 సెంటీమీటర్లు, రక్తపోటు 148/94. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షల్లో తేడా ఏమీ లేదు. పగటి మత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కేలుపై 24కు గాను 16 వచ్చింది. పది దాటితే అసాధారణంగా పరిగణిస్తాం.

గురక ఉంటుందా అని అడిగాను. "అలసిపోయి పడుకుంటే ఎవరికైనా ఉంటుంది కదండీ" అని ఆమె సమాధానం. ఆయన పడుకునే వేళలూ ఇంట్లో వాళ్ల వేళలూ కలవవు కనుక ఆమె కొన్నేళ్లుగా పిల్లలతో వేరే గదిలో పడుకుంటున్నారు. ఆ సమాధానాన్ని నేను "లేదు" కిందనే లెక్కించాను. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో పదే పదే శ్వాస ఆగే జబ్బు, ఉండే ప్రమాదాన్ని అంచనా వేసే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో నాలుగు పాయింట్లు వచ్చాయి, అంటే మధ్యస్థ ప్రమాదం. గురకకు కూడా ఒక పాయింటు వేసి ఉంటే అయిదు అయ్యేది, అప్పుడది అధిక ప్రమాదం. నా గదిలో ఆ ఒక్క పాయింటు దగ్గరే దారి తప్పింది.

కొడుకు కొనిచ్చిన స్మార్ట్ వాచ్ అప్పటికే ఆయన చేతికి ఉంది. దాని యాప్‌లో "సగటు నిద్ర ఆరున్నర గంటలు" అని ఉంది. ఆ అంకెను చూపించి, ఇంత పడుకుంటూ కూడా ఈయన తూగుతున్నారంటే ఇది వయసుతో వచ్చిన బద్ధకమేనని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారట.

సెన్సార్ ఏం కొలుస్తుంది

మేము వాడే యాక్టిగ్రాఫ్ చూడటానికి గడియారంలాగే ఉంటుంది కానీ దానికి తెర ఉండదు. లోపల మూడు దిశల్లోనూ కదలికను పసిగట్టే త్వరణమాపకం, వెలుతురును లక్స్‌లలో నమోదు చేసే సెన్సార్, రోగి పడుకునేటప్పుడూ లేచినప్పుడూ నొక్కడానికి ఒక బటన్ ఉంటాయి. రోజువారీ పనికి ఎక్కువగా వాడని చేతికి, అంటే చాలామందికి ఎడమ మణికట్టుకు, కడతాం. అది కొలిచేది నిద్రను కాదు, కదలికను. నిమిషానికి ఎంత కదలిక ఉందో లెక్కగట్టి, దాని నుంచి నిద్రనో మెలకువనో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. 1992లో వెలువడి ఇప్పటికీ వాడుకలో ఉన్న కోల్-క్రిప్కే పద్ధతిలో ఒక నిమిషానికి తీర్పు చెప్పేందుకు ఆ నిమిషంతో పాటు ముందు నాలుగు నిమిషాలనూ తర్వాతి రెండు నిమిషాలనూ తూకం వేసి కలుపుతారు. నిద్రపోతున్న మనిషిని నిద్రలో ఉన్నట్టు గుర్తించడంలో ఈ పద్ధతి బలమైనది. మెలకువగా ఉండి కూడా కదలకుండా పడుకున్న మనిషిని గుర్తించడంలో మాత్రం బలహీనమైనది. నిద్రలేమి ఉన్నవాళ్లు చాలామంది చేసేది సరిగ్గా అదే. నిద్ర పడుతుందన్న ఆశతో కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంటారు.

అయినా దీనిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆసుపత్రి గదిలో ఒక రాత్రి తలకు తీగలు తగిలించి చేసే పాలీసోమ్నోగ్రఫీ ఆ ఒక్క రాత్రి గురించే చెబుతుంది. షిఫ్టు కార్మికుడి జబ్బు ఒక్క రాత్రిలో ఉండదు, అది రోజుల వరుసలో ఉంటుంది. అందుకే షిఫ్టు పని వల్ల వచ్చే నిద్ర రుగ్మతను నిర్ధారించడానికి, పని రోజులూ సెలవు రోజులూ కలిసేలా కనీసం 14 రోజుల నిద్ర డైరీ కావాలనీ, వీలైతే దానితో పాటు యాక్టిగ్రఫీ, అంటే ఈ సెన్సార్ పరీక్ష, చేయాలనీ నిద్ర రుగ్మతల అంతర్జాతీయ వర్గీకరణ చెబుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా జీవగడియారపు రుగ్మతలకు యాక్టిగ్రఫీని సూచిస్తాయి. ఈయన చక్రం ఎనిమిది రోజులది కాబట్టి పద్నాలుగుకు బదులు పదహారు రోజులు కట్టాలని నిర్ణయించాను. పద్నాలుగు రోజులే అయితే రెండో చక్రం పూర్తికాకుండానే తెగిపోయి, లెక్క కొన్ని రకాల రోజుల వైపు మొగ్గుతుంది.

మొదటి ప్రయత్నం రెండు రోజులకే చెడింది. మూడో రోజు దింపుకుని చూస్తే, ఏ షిఫ్టు సమయంలో ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయినట్టు రికార్డులో ఉంది. డైరీలో మాత్రం డ్యూటీ అని రాసి ఉంది. గీతను దగ్గరగా చూస్తే ఒక్క చిన్న కదలిక కూడా లేకుండా సున్నా మీద సాఫీగా సాగింది. గాఢంగా నిద్రపోయే మనిషి కూడా అప్పుడప్పుడు పక్కకు తిరుగుతాడు, చెయ్యి జరుపుతాడు. గంటల తరబడి నిఖార్సైన సున్నా ఉన్నదంటే అది నిద్ర కాదు, పరికరం బల్ల మీద ఉందని అర్థం. అడిగితే, దుమ్ముకీ చెమటకీ పాడైతే డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని డ్యూటీకి ముందు లాకరులో పెట్టేస్తున్నానని చెప్పారు. పాడైనా మీరు కట్టనక్కర్లేదని ముందే చెప్పి ఉండవలసింది నేను. క్రేన్ క్యాబిన్‌లో గడియారం పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఆయనే కనుక్కున్నాక ఆ రెండు రోజులనూ కొట్టేసి, కొత్త చక్రం నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టాం.

ఆ సమయంలోనే ఆయన గొంతు తగ్గించి, "ఈ రికార్డు ఫ్యాక్టరీకి వెళ్తుందా సార్?" అని అడిగారు. క్రేన్ మీద నుంచి దింపేస్తారనీ, నైట్ అలవెన్సు పోతుందనీ ఆయన భయం. రికార్డు ఆయన సొత్తు, ఆయన రాసి ఇవ్వకుండా నా గది దాటి పోదని చెప్పాను. దానితో పాటు మరొకటి కూడా చెప్పాను. పరీక్షలు తేలేవరకు సి షిఫ్టులో వేలాడే బరువు కింద మనుషులు తిరుగుతుండగా ఆయన క్రేన్ నడపడం నాకు సమ్మతం కాదు. ఆయన రెండు రోజులు ఆలోచించి, నడుము నొప్పి వంటి అబద్ధపు కారణం చెప్పకుండా, నిద్ర సమస్యకు వైద్యం తీసుకుంటున్నానని తానే చెప్పి క్రేన్ దిగి నేల మీద చేసే పనికి మార్పించుకున్నారు. నేనిచ్చిన ధ్రువపత్రంలో ఏ పని తాత్కాలికంగా చేయకూడదో మాత్రమే ఉంది, రికార్డులోని ఒక్క అంకె కూడా లేదు. ఇటువంటి సెన్సార్లు కార్మికులపై నిఘా సాధనాలుగా మారితే అవి లాకర్లలోనే నిద్రపోతాయి. వైద్యుడికి నిజం అందదు.

పదహారు రోజుల రికార్డు

ఏ షిఫ్టు రోజుల్లో రాత్రి 10.50కి పడుకుని 4.10కి లేచేవారు. నిద్ర 4 గంటల 45 నిమిషాలు, మధ్యాహ్నం కునుకు మరో గంటా 40 నిమిషాలు. బి షిఫ్టు రోజుల్లో నిద్ర 6 గంటల 10 నిమిషాలు. సి షిఫ్టు తర్వాత ఉదయం 8.40కి పడుకుని 12.50కి లేచేవారు. ఆ నాలుగు గంటల పది నిమిషాల్లో నిద్ర 3 గంటల 25 నిమిషాలే, అదీ ముక్కలు ముక్కలుగా. సాయంత్రం ఇంకో 40 నిమిషాలు. సెలవు రోజుల్లో రాత్రి 7 గంటల 40 నిమిషాలు, మధ్యాహ్నం గంటా 50 నిమిషాలు. ఈ నాలుగు రకాల రోజులనూ కలిపి సగటు తీస్తే 6 గంటల 32 నిమిషాలు వస్తుంది. స్మార్ట్ వాచ్ చెప్పినది తప్పు లెక్క కాదు. తప్పు సగటు తీయడంలోనే ఉంది. నాలుగు గంటలు పడుకున్న రోజూ తొమ్మిదిన్నర గంటలు పడుకున్న రోజూ కలిస్తే సగటు ఆరున్నర దగ్గరే నిలుస్తుంది కానీ, సి షిఫ్టు రోజుల నాలుగు గంటలు అందులో కనిపించకుండా పోతాయి. క్రేన్ క్యాబిన్‌లో కళ్లు మూతపడింది సగటు రోజున కాదు.

వెలుతురు గీత ఇంకా స్పష్టంగా మాట్లాడింది. సి షిఫ్టు ముగిసి కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కొన్ని వేల లక్స్, దిగాక రైతు బజారుకు వెళ్లి కూరగాయలు కొనే పాతిక నిమిషాల్లో పది వేల లక్స్‌లకు పైన నమోదైంది. కంటి వెనుక పొరలో మెలనాప్సిన్ ఉండే కణాలు ఈ వెలుగును నేరుగా మెదడులోని జీవగడియారానికి చేరవేసి, పగలు మొదలైందని చెబుతాయి. ఇంటికి వచ్చి పడుకునే మనిషికి అదే సమయంలో శరీరం లెమ్మని చెబుతుంటుంది. ఇక్కడ మన ఊరి ప్రత్యేకత ఒకటి ఉంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడితే విశాఖ దానికి కాస్త తూర్పున ఉంది. మే నెల చివర ఇక్కడ సూర్యోదయం 5.30కి ముందే అవుతుంది, ముంబయిలో ఆరు గంటల ప్రాంతంలో అవుతుంది. ఆరు గంటలకు గేటు దాటే కార్మికుడికి అక్కడ లేత వెలుగు ఎదురైతే ఇక్కడ చురుకైన ఎండ ఎదురవుతుంది. ఎక్కడో రాసిన సలహాలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదనడానికి ఇది ఒక చిన్న ఉదాహరణ.

పడకగదిలో పగలు 180 లక్స్ ఉంది. తూర్పు కిటికీ, పలుచని పరదా. డైరీని రికార్డు పక్కన పెట్టి చదివితే ప్రతి కదలికకూ ఒక కారణం దొరికింది. "కరెంటు పోయింది, ఉక్కపోత", "కూరల ఆటో మైకు", "కొరియర్ బెల్లు", "చుట్టాలు వచ్చారు". రికార్డులో తేలని సంగతులు కొన్ని డైరీలో దొరికాయి. బస్సులో నలభై నిమిషాలు నిద్రపోయానని ఆయన రాసిన చోట బస్సు కుదుపుల వల్ల సెన్సార్ మెలకువ చూపింది. టీవీ ముందు కదలకుండా కూర్చున్న చోట నిద్ర చూపింది. డైరీ లేని యాక్టిగ్రఫీని నేను చదవను. ఒకటి లేకపోతే రెండోది సగం అబద్ధం చెబుతుంది.

నిర్ధారణ షిఫ్టు పనికి సంబంధించిన నిద్ర రుగ్మత అని రాశాను. పాలీసోమ్నోగ్రఫీ కూడా చేయించాలన్న ఆలోచన ఉంది. అయితే దానికి సెలవు రాత్రి ఒకటి ఆసుపత్రిలో గడపాలి, ఆయన వెనకాడారు. చేతిలో ఇంత చక్కగా సరిపోయే కారణం ఉంది కదా అని నేను కూడా గట్టిగా చెప్పలేదు. సరిపోయే కారణం ఒకటి దొరికినప్పుడు వైద్యుడు వెతకడం ఆపేస్తాడు. ఆ రోజు నేను చేసింది అదే.

మొదటి దశ వైద్యం

ఆయనది రెండు రాత్రులకే మారే షిఫ్టు కనుక జీవగడియారాన్ని రాత్రి పనికి మార్చడం లక్ష్యం కాకూడదనుకున్నాను. మార్చేలోపే చక్రం తిరిగిపోతుంది. పగటి నిద్రను కాపాడటమే లక్ష్యం. కిటికీకి మందపాటి నల్ల పరదా వేయించారు. కూరగాయల పని భార్య సాయంత్రానికి మార్చుకున్నారు. బస్సులో ముదురు కళ్లద్దాలు పెట్టుకోమన్నాను, బస్టాపు నుంచి ఇంటికి మాత్రం బైక్ వద్దు, కొడుకుని రమ్మనండి అన్నాను. నిద్రమత్తులో, పైగా నల్లద్దాలతో బండి నడపడం మేలు చేయదు. సి షిఫ్టుకు ముందు సాయంత్రం గంటన్నర పడుకోవడం, టీ ఏదైనా రాత్రి రెండు గంటలలోపే తాగడం, పడుకునే గంటల్లో ఇంటి బెల్లు తీసేయడం కూడా చేశారు. అల్ప్రాజోలంను ఒక్కసారిగా ఆపకుండా వారాల పాటు తగ్గించుకుంటూ మాన్పించాం. వీటన్నిటిలో అన్నిటికన్నా కష్టమైనది పరదా కాదు, మందు కాదు. పగలు పడుకున్న మనిషిని లేపకూడదన్న సంగతి బంధువులకు అర్థమయ్యేలా చెప్పడం. ఆ పని ఆయన తల్లి తన చేతిలోకి తీసుకున్నారు.

ఆరు వారాల తర్వాత మళ్లీ పదహారు రోజులు సెన్సార్ కట్టాం. సి షిఫ్టు తర్వాతి నిద్ర 3 గంటల 25 నిమిషాల నుంచి 5 గంటల 35 నిమిషాలకు పెరిగింది. దానికి తోడు సాయంత్రం గంటా పావు. మిగతా రోజులు కూడా ఆరున్నర గంటలు దాటాయి. కాగితం మీద ఇది మంచి ఫలితం. ఎప్‌వర్త్ స్కోరు మాత్రం 16 నుంచి 14కే దిగింది. సెలవు రాత్రి ఎనిమిది గంటలకు పైగా పడుకుని లేచిన రోజున కూడా ఆయన మధ్యాహ్నం కూర్చున్నచోటే తూగుతున్నారు.

అప్పుడు మొదటి రికార్డును తిరిగి తీశాను. కదలికలూ, నిమిషం మించని నిశ్చలతలూ ఎంత తరచుగా వస్తున్నాయో చూపే ఫ్రాగ్మెంటేషన్ ఇండెక్స్ మొదటిసారి 38, రెండోసారి 36. నిద్ర నిడివి పెరిగినా నిద్ర తెగిపోవడం తగ్గలేదు. సి షిఫ్టు పగళ్లలో ఆ చీలికలకు కూరల ఆటోనూ కరెంటునూ కారణం చూపించాను. నిశ్శబ్దమైన సెలవు రాత్రుల్లో కూడా అవే చీలికలు ఉన్నాయి, డైరీలో వాటికి ఎదురుగా ఏ కారణమూ రాసి లేదు. మొదటిసారే అక్కడ ఆగి ఉండాల్సింది. ఈ సూచిక స్లీప్ అప్నియాను నిర్ధారించదు, ఆ పనికి యాక్టిగ్రఫీని వాడకూడదు కూడా. కానీ వెతకమని మాత్రం చెబుతుంది.

ఆసుపత్రిలో ఒక రాత్రి

సెలవు రాత్రి పాలీసోమ్నోగ్రఫీ చేశాం. గంటకు 34 సార్లు శ్వాస ఆగడమో సన్నగిల్లడమో జరిగింది. ముప్పై దాటితే తీవ్రమైన స్లీప్ అప్నియా. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది 52కు పెరిగింది. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 79 శాతానికి పడిపోయింది. రెండేళ్లు వేసుకున్న అల్ప్రాజోలం కండరాలను సడలించి గొంతు మార్గాన్ని మరింత మూసి ఉంటుందని తలచుకుంటే, మందుల షాపులో పాత చీటీకి నిద్రమాత్ర దొరకడం ఎంత చేటో అర్థమవుతుంది. అదే రాత్రి మణికట్టుకు సెన్సార్ కూడా ఉంచాం. పడక మీద గడిపిన 460 నిమిషాల్లో మెదడు తరంగాల ప్రకారం నిద్ర 359 నిమిషాలు, సెన్సార్ ప్రకారం 409 నిమిషాలు. ఆ తేడా యాభై నిమిషాలు, కదలకుండా మెలకువగా గడిపినవి. అంటే మొదటి నుంచి నేను లెక్కపెట్టిన నిద్రలోనూ కొంత మెలకువ కలిసే ఉంది.

రిపోర్టు వివరించాక భార్య కాసేపు మాట్లాడలేదు. "గురక పెడితే బాగా నిద్రపట్టిందనుకునేదాన్నండీ" అన్నారు. ఆమె తప్పు ఏమీ లేదు. గురకను గాఢనిద్రకు గుర్తుగానే మన ఇళ్లలో చూస్తారు. ఆ నమ్మకం ఉందని తెలిసి కూడా ప్రశ్నను ఇంకొక విధంగా అడగకపోవడం నా లోపం. ఇప్పుడు నేను "గురక ఉంటుందా" అని అడగడం మానేశాను. "పక్క గదిలోకి వినిపిస్తుందా, మధ్యలో ఆగి ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్లీ మొదలవుతుందా, ఫోనులో ఒక రాత్రి రికార్డు చేసి తీసుకొస్తారా" అని అడుగుతున్నాను.

మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మార్గాన్ని తెరిచి ఉంచే సీపాప్ యంత్రాన్ని 10 సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెట్టాం. మొదటి వారం మాస్కు వల్ల ముక్కు మీద ఒరుపు వచ్చి ఇబ్బంది పడ్డారు, సైజు మార్చాక సర్దుకుంది. ఇంట్లో ఇన్వర్టరు లైను పడకగదికి లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ యంత్రం ఆగిపోతుంటే ఆయనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి లైను మార్పించుకున్నారు. మూడు నెలల తర్వాత ఎప్‌వర్త్ స్కోరు 7. ఫ్రాగ్మెంటేషన్ ఇండెక్స్ 21. రక్తపోటు 132/84. మెలకువను నేరుగా పరీక్షించి, ఫలితం సంతృప్తికరంగా ఉన్నాకే క్రేన్ మీదికి వెళ్లవచ్చని రాసిచ్చాను. మొదటి రెండు నెలలు ఏ, బి షిఫ్టుల్లో మాత్రమేనని కూడా రాశాను.

యాక్టిగ్రఫీని పక్కన పెట్టలేదు. సీపాప్ యంత్రం తాను ఎన్ని గంటలు నడిచిందో కార్డులో దాచుకుంటుంది, సెన్సార్ ఆయన ఎన్ని గంటలు పడుకున్నారో చెబుతుంది. మూడో రికార్డులో ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పరిచినప్పుడు రాత్రి నిద్రలో గంటలు దాదాపు కలిశాయి. సి షిఫ్టుకు ముందు సాయంత్రం పడుకునే గంటన్నరలో మాత్రం సెన్సార్ నిద్ర చూపుతోంది, యంత్రం నడవలేదు. కునుకే కదా అని మాస్కు పెట్టుకోవడం లేదట. ఆ కునుకులో కూడా గొంతు అలాగే మూసుకుంటుందని ఆ రెండు గీతలనూ పక్కపక్కన చూపించి చెప్పాను. వచ్చే చక్రంలో సాయంత్రపు కునుకుకు కూడా మాస్కు పెట్టుకుంటానని ఒప్పుకుని, డైరీలో దాని కోసం తన చేత్తోనే ఒక కొత్త గడి గీసుకుని వెళ్లారు.